తుండుగుడ్డ కింద మాట

మొన్న శుక్రవారం ఒకావిడ మా కొట్టుకొచ్చి, నేను చెప్పిన ధరకే చీర కొనుక్కుని వెళ్లిపోయింది.

అనకాపల్లిలో చీర ధర చెప్పడమంటే అది ధర కాదు, పిలుపు. రండి, కూర్చోండి, కాసేపు పోట్లాడుకుందాం అని. నేనొకటి చెబుతాను. ఆవిడ అందులో సగం అడుగుతుంది. నేను గుండె మీద చెయ్యి వేసుకుంటాను. ఆవిడ చెప్పుల్లో కాళ్ళు పెడుతుంది. నేను వెనక్కి పిలుస్తాను. ఇంత తతంగం నడిస్తే గానీ చీర అమ్మినట్టు ఉండదు మాకు. ఈవిడ మాత్రం "ఎంతండీ?" అంది, చెప్పాను, డబ్బిచ్చి సంచీలో వేసుకుని మెట్లు దిగిపోయింది. ఇంకో రోజైతే సాయంత్రం దాకా నన్ను నేనే మెచ్చుకునేదాన్ని. ఆ రోజు గల్లాపెట్టె మూత కూడా వెయ్యకుండా కూర్చుని ఏడ్చాను.

మా ఆయన పక్కనే లుంగీలు మడత పెడుతున్నారు.

"ఏటైందే?" అన్నారు.

"ఏటీ లేదు."

"సెప్పిన ధరకి సీర పోతే ఎవరైనా ఏడుత్తారేటి? కొంపదీసి తక్కువ సెప్పేసేవా?"

లేదని తలూపాను. చెప్పిన ధరకి కొనే మనిషిని అంతకుముందు నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆవిడ మా డాక్టరమ్మ. ఈ వానాకాలం చివర్లో పోయింది.

డాక్టరమ్మ అంటున్నాను గానీ ఆవిడ గొట్టం మెడలో వేసుకుని తిరిగే డాక్టరు కాదు. విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆస్పత్రిలో పరిశోధన చేసేది. వైద్యం పూర్తయి, "ఇంక ఫరవాలేదమ్మా, వెళ్ళిరండి" అనిపించుకుని ఇళ్ళకు వెళ్లిపోయిన ఆడవాళ్ళున్నారే, వాళ్ళ ఒంట్లో ఆ తర్వాత ఏం జరుగుతుంది, వాళ్ళ ఇళ్ళలో ఏం జరుగుతుంది, ఇది కనుక్కోవడం ఆవిడ పని. ఆ పనిలోనే నేను ఆవిడకి దొరికాను. నాకు ఎడమ రొమ్ము తీసేశారు. కీమో అయింది, కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషనూ అయింది. ఇక రోజుకో హార్మోను మాత్ర చొప్పున కొన్నేళ్ళు మింగాలి అన్నారు. బిల్లు కట్టే కిటికీ దగ్గర "చివరి మాట చెప్పండి బాబూ" అని అడిగి, వెనక నిలబడ్డ మా ఆయనని సిగ్గుతో చంపేసిన ఘనత నాది.

ఆవిడని మొదటిసారి చూసింది ఆస్పత్రి వసారాలో, బెంచీ మీద. చేతిలో కాగితాల అట్ట, పళ్ళ మధ్య పెన్ను మూత. పక్కన కూర్చోగానే ముందు చేతి వాచీ విప్పి బ్యాగులో పడేసింది. ఎదురుగా ఆడమనిషి ఉన్నంతసేపూ ఆవిడ వాచీ పెట్టుకోదని నాకు తర్వాత తెలిసింది.

"నొప్పి ఎంతుందండీ? సున్నా అంటే అసలు లేనట్టు, పదంటే భరించలేనంత."

"మీరెంత అనుకుంటన్నారు?" అన్నాను.

పెన్ను మూత తీసింది. "నొప్పి మీదండీ."

"అయినా ముందు మీరే చెప్పండి."

ముందు ధర మనం చెప్పకూడదని మా ఇళ్ళలో పిల్లలకి పాలు మాన్పించకముందే నేర్పేస్తారు. మా నాన్నది బెల్లం కొట్టు, మావగారిది బట్టల కొట్టు. పుట్టింటి నుంచి అత్తింటికి నేను తెచ్చుకున్న విద్య ఇదొక్కటే. ఆవిడ నోరు విప్పేలా లేదు. సరే, మర్యాదగా ఉంటుందని, "పోనీ, మూడు వేసుకోండి" అన్నాను.

ఆవిడ రాయలేదు. నా మొహంలోకి చూసింది. "పది దగ్గర మొదలెట్టి మూడుకి దిగారా, ఒకటి దగ్గర మొదలెట్టి మూడుకి ఎక్కారా?"

ఆ ఆస్పత్రిలో నా భాష తెలిసిన మనిషి తగలడం అదే మొదలు. నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. అట్ట పక్కన పెట్టి, ఒళ్ళో చేతులు వేసుకుని, "తర్వాత?" అంది.

అదీ ఆవిడ మాట. అందరూ జబ్బు ఎలా వచ్చింది అని అడిగేవారు. ఎప్పుడు తెలిసింది, ఎంత ఖర్చయింది, జుట్టు మళ్ళీ వచ్చిందా అని అడిగేవారు. ఆవిడ ఒక్కర్తే "తర్వాత?" అనేది. ఇంటికెళ్ళారు, తర్వాత? చీర కట్టుకుని అద్దం ముందు నిలబడ్డారు, తర్వాత? నడుస్తూ ఉంటే ఎవరో మన భుజం మీద చెయ్యి వేసినట్టుండేది ఆ మాట. ఆ రోజు మాత్రం నేను దాన్ని తప్పించుకుని, జీళ్ళ పొట్లంలా నవ్వు ఒకటి చేతిలో పెట్టి, బస్సెక్కి వచ్చేశాను.

కొన్నాళ్ళకి ఆవిడే వెతుక్కుంటూ మా కొట్టుకొచ్చింది. వైద్యం అయిపోయాక ఆడవాళ్ళు ఆస్పత్రి మెట్లెక్కడం లేదని, ఆవిడ అడగాల్సినవాళ్ళంతా ఊళ్ళలోనే ఉండిపోతున్నారని చెప్పింది. వాళ్ళు మాత్రం ఎలా వెళ్తారు? మళ్ళీ ఆస్పత్రికెళ్తే మళ్ళీ వచ్చిందట అని వీధి వీధంతా అనుకుంటుంది. పెళ్ళికావలసిన పిల్లలున్న ఇంట్లో అది చాలు. అదే బట్టల కొట్టుకయితే ఎవరు ఎందుకొచ్చారని ఎవరడుగుతారు? మా కొట్టు వెనక జాకెట్ల కొలతలు తీసుకునే గది ఒకటుంది. పరదా ఉంది, ఫ్యాను ఉంది. ప్రతి మంగళవారం అది ఆవిడదయింది. నేనేదో త్యాగం చేశానని అనుకోకండి. వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో వెళ్తే అనుమానం కదా, జాకెట్టు గుడ్డో, లంగానో కొనుక్కుని వెళ్ళేవారు. గది అద్దె మరోలా వస్తోందని ఆవిడతోనే అన్నాను. "వ్యాపారం తెలిసిన మనిషి" అంది మెచ్చుకోలుగా.

రైలు దిగి, స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి వచ్చేది. ఎండైనా వానైనా చేతిలో పొడుగాటి నల్ల గొడుగు. ఆఖరి రోజు దాకా విప్పగా ఒక్కసారీ చూడలేదు, దాంతో ఆటోలని ఆపడానికే తెచ్చేదేమో. ఊరు ఏదో చెప్పలేదు గానీ మాటలో గోదావరి తగిలేది. మా "ఏటి" అంటే మహా ఇష్టం. "ఏటండీ విశేషాలు?" అని మా ఆయనని పలకరించి, సరిగ్గా అన్నానా అన్నట్టు నా వంక చూసేది. బెల్లం చూస్తే చిన్నపిల్లయిపోయేది. మా నాన్న కొట్టు నుంచి తెప్పించిన ముక్క సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టుకుని మరిచిపోయేది. మళ్ళీ మంగళవారం ఆ బ్యాగులోంచి కాగితాలు తీస్తే ముందు చీమలు దిగేవి. "నా పరిశోధనని ముందు చదివేది వీళ్ళే" అనేది. కళ్ళజోడు తుడుచుకోవాలంటే ఎదుటివాళ్ళ కొంగు లాక్కునేది. నా నేత చీరలు ఎన్ని ఆవిడ అద్దాలు తుడిచాయో.

బేరం మాత్రం రాదు. చెప్పింది చెప్పినట్టు ఇచ్చేసేది. మొదటిసారి నాకు నిజంగా కోపం వచ్చింది.

"కొంచెం బేరమాడండి మేడమ్. నాకు అమ్మినట్టు లేదు."

"మీరు చెప్పారుగా."

"చెప్పింది నిజమని ఎవరన్నారు?"

"అయితే నిజం చెప్పండి, అదే ఇస్తాను."

ఇలాంటి మనిషితో వ్యాపారం ఎలా చెయ్యాలి? మా ఆయనకి ఆవిడంటే జాలి. ఆయన సంగతి వేరు. ఏ అంకె విన్నా తగ్గించకుండా ఉండలేరు. టీవీలో నలభై డిగ్రీల ఎండ అంటే, "ముప్పై అయిదుంటాదిలే" అంటారు. కీమో రోజుల్లో నాకు జ్వరం చూసి నర్సు అంకె చెబితే దాన్ని కూడా ఓ డిగ్రీ దించబోయారు. మంగళవారాల్లో ముందు గదిలో లుంగీల దగ్గర కూర్చుని, పరదా వెనక నుంచి ఆవిడ "తర్వాత?" వినబడినప్పుడల్లా, "ఈ డాట్రమ్మకి కథలంటే ఇంత పిచ్చేటే?" అనేవారు.

కొన్ని నెలలు గడిచాక ఒక మంగళవారం, అందరూ వెళ్లిపోయాక, ఆవిడ తన కాగితాలన్నీ గుడ్డలు కత్తిరించే బల్ల మీద పరిచింది. మొహం వాడిపోయి ఉంది.

"ఇది చూడండి. గొలుగొండ నుంచి వచ్చినావిడ అన్నిటికీ తొమ్మిదీ పదీ చెప్పింది. చెంగుమని నడుచుకుంటూ వెళ్ళింది. మీ మెయిన్ రోడ్డు ఆవిడ అన్నిటికీ ఒకటే, రెండే. మెట్టు దిగలేక గోడ పట్టుకుంది. అందరివీ ఇలాగే ఉన్నాయి. నేను అడగడంలో ఏదో తప్పుంది."

కాగితాలు చూసి నాకు నవ్వాగలేదు. "గొలుగొండ ఆవిడ బెల్లం అమ్ముకునే మనిషి మేడమ్. పది చెబితే మీరెలాగూ అయిదుకి దించుతారని చెప్పింది. ఈవిడ కొట్టుకొచ్చి కొనుక్కునే మనిషి. ఎక్కువ చెబితే ఇంకో స్కానంటారు, ఇంకో సూదంటారు అని అడుగు నుంచి మొదలెట్టింది."

ఆవిడ కాగితాలు మళ్ళీ దగ్గరకి లాక్కుంది. "అయితే ఈ ఊళ్ళో బాధకి కూడా బేరమేనా?"

"మరి మీరు 'ఒకే ధర' అని బోర్డు పెట్టలేదు కదా."

అప్పుడు నవ్వింది. కళ్ళజోడు తీసి, నా కొంగు లాక్కుని, కళ్ళే తుడుచుకుంది. నవ్వు ఆగిపోయాక కూడా కొంగు వదల్లేదు. "మరి అసలు ధర ఎక్కడ చెబుతారండీ మీవాళ్ళు?"

మా తాత బెల్లంలోకి రాకముందు ఎడ్ల సంతల్లో దళారీ. ఆయన కథ చెప్పాను. సంతలో చుట్టూ జనం. పైకి నోటికొచ్చిన ధర అరుస్తారు, తిట్టుకుంటారు, ఒట్లు పెట్టుకుంటారు. అదంతా చూసేవాళ్ళ కోసం. అసలు ధర మాత్రం తుండుగుడ్డ కింద. ఇద్దరూ గుడ్డ కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుంటారు. ఒక వేలు నొక్కితే ఒకటి, చెయ్యంతా పట్టుకుంటే అయిదు, వదిలి మళ్ళీ పట్టుకుంటే పది. పిడికిలి బిగించి చేతిలో పెడితే, ఏమీ లేదు, బేరం లేదు అని. పక్కనున్న అన్నదమ్ముడికి కూడా తెలియదు.

"తర్వాత?" అంది, ఊపిరి బిగబట్టి.

"తర్వాతేముంది, ఎద్దు చేతులు మారిపోద్ది."

పై మంగళవారం రాగానే ఆవిడ చేసిన మొదటి పని నా దగ్గర ఒక ఎర్రగళ్ళ తుండుగుడ్డ కొనడం. చెప్పిన ధరకే.

ఆ తుండు సంగతి చెప్పాలంటే పైడమ్మ అని ఒకమ్మాయితో మొదలుపెట్టాలి. నాతవరం వైపు పల్లె, చెరుకు రైతు ఇల్లు. పైడమ్మకి ముప్పై దాటి ఎంతో కాలేదు. నాకులాగే రొమ్ము తీసేశారు, నాకు ఇచ్చిన మాత్రే ఇచ్చారు. వెంట అత్తగారు. ఎంత మంచి మనిషో, కోడలిని ఒక్క క్షణం వదలదు. ప్రశ్న కోడలికి, సమాధానం అత్తది. అంతకుముందు రెండు మూడుసార్లు వచ్చినప్పుడు అంతే నడిచింది.

ఆ రోజు డాక్టరమ్మ తుండుగుడ్డని తన ఒళ్ళోనూ పైడమ్మ ఒళ్ళోనూ సగం సగం పరిచి, కింద చెయ్యి పట్టుకుంది. వేళ్ళ లెక్క పైడమ్మకి చెప్పక్కర్లేకపోయింది. సంతకు వెళ్ళే ఇంటి పిల్ల. నేను గుమ్మం దగ్గర జాకెట్టు గుడ్డలు సర్దుతున్నట్టు నిలబడ్డాను.

"చెరుకు నరికేశారా అమ్మా?" అని అత్తగారిని అడిగింది డాక్టరమ్మ.

"ఇంకా నేదమ్మా, కూలోళ్ళు దొరకట్నేదు."

"కోడలికి నిద్ర పడుతోందా?"

"సుబ్బరంగా పడుకుంటాది. ఏటీ నేదమ్మా."

గుడ్డ కింద కదలిక. చెయ్యంతా ఒకసారి, మళ్ళీ నాలుగు వేళ్ళు. డాక్టరమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. చెరుకు ఏ రకం, గానుగ ఎవరిది అని అడుగుతోంది. మధ్యలో ఒంట్లోంచి ఎగసే వేడి ఆవిర్ల సంగతి. మధ్యలో కీళ్ళ నొప్పుల సంగతి. "ఇంట్లో ఆయనా, నువ్వూ ఎలా ఉన్నారు పైడమ్మా?" అని కూడా, గానుగ గురించి అడిగినట్టే అడిగింది.

"మావోడు బంగారం" అంది అత్తగారు.

గుడ్డ కింద ఈసారి చెయ్యంతా. వదిలి, మళ్ళీ చెయ్యంతా.

"మాత్ర రోజూ వేసుకుంటోందా?"

"నానే ఇత్తన్నానమ్మా. రోజూ నా కళ్ళెదురుగా నోట్లో ఏసుకుంటాది."

గుడ్డ కింద పైడమ్మ చెయ్యి బిగుసుకోవడం నాక్కూడా తెలిసింది. పిడికిలి.

మంచినీళ్ళు కావాలని, బయట చీరల్లో అత్తగారికి నచ్చింది చూపించమని, డాక్టరమ్మ నన్నూ అత్తగారినీ ఎంత సాఫీగా బయటకు పంపిందో! నాకే అంత బాగా రాదు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మొత్తం నాకు తెలియదు. పరదా వెనక నుంచి పైడమ్మ ఏడుపు మాత్రం వినబడింది, మధ్యలో మాటలు. "నోట్లో ఏసుకుని, పెరట్లోకెళ్ళి ఊసేత్తన్నానమ్మా. ఒల్లంతా నిప్పులు. కింద తడారిపోయి, ఆయన దగ్గరకొత్తే కత్తి పెట్టినట్టుంటాంది. వద్దంటే ఆయన ఏటనుకుంటాడు? సగం ఆడదాన్నయిపోనాను, మిగిలిన సగమైనా వద్దా?"

"తర్వాత?" అంది డాక్టరమ్మ. ఆ మాట అంత మెత్తగా అనడం నేనెప్పుడూ వినలేదు.

అందరూ వెళ్ళాక ఆవిడ తుండుగుడ్డని మడతలు పెడుతూ కూర్చుంది. మాత్ర మానేస్తే జబ్బు తిరిగొచ్చే ప్రమాదం ఎక్కువని నాకు తెలుసు. తిడుతుందేమో అనుకున్నాను. "మాత్ర మానింది పైడమ్మ కాదండీ, అడగడం మానింది మేము" అంది. "బతికించాం కదా అని చేతులు దులుపుకున్నాం. ఆవిర్లకి ఉపాయాలున్నాయి. తడారిపోతే పూతలున్నాయి. పడకపోతే వేరే మాత్ర మార్చొచ్చు. చెబితే కదా. అడిగితే కదా." గొడుగు తీసుకుని బయల్దేరుతూ వాచీ పెట్టుకోవడం కూడా మరిచిపోయింది.

పైడమ్మకి మాత్ర మార్పించింది. మొగుణ్ణి కూడా ఓ మంగళవారం పిలిపించింది. ఏం చెప్పిందో గానీ అతను పరదా దాటి వస్తూ చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. తర్వాత వచ్చినప్పుడు గుడ్డ కింద పైడమ్మ నాలుగు వేళ్ళు నొక్కిందని, నాకేదో లాటరీ తగిలినట్టు చెప్పింది డాక్టరమ్మ. "నాలుగండీ! అదీ బేరం లేని నాలుగు!"

ఆ తుండు కింద చెయ్యి పెట్టనిదాన్ని ఆ గదిలో నేనొక్కదాన్నే. ప్రతి మంగళవారం వెళ్ళేముందు "మీరు?" అని అడిగేది. "మూడు" అనేదాన్ని. నాకేం తక్కువ? మాత్ర మానలేదు, డబ్బు పోసి కొన్నదాన్ని పారేసే రకం కాదు నేను. కొట్టు నడుస్తోంది. జోకులు బాగానే పండుతున్నాయి. ఆపరేషనయి ఇంటికొచ్చిన నాటి నుంచి ఒంట్లో ఆవిర్లని చెప్పి నా పక్క హాల్లోకి, ఫ్యాను కిందకి మార్చుకున్నాను. మా ఆయన ఎందుకని అడగలేదు. అడగలేదు కాబట్టి, నన్ను అలా చూడటం ఆయనకీ ఇష్టం లేదన్నమాట అని నేను తేల్చేసుకున్నాను. తలుపు వేసుకుని చీర మార్చుకుంటాను. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషికి నా మచ్చ ఎలా ఉంటుందో తెలియదు. ఇది ఆవిర్లకంటే, కీళ్ళకంటే ఎక్కువ నొప్పి అని నాకు తెలుసు. కానీ దానికి ధర చెబితే, కొనేవాడు లేక సరుకు నా మీదే ఉండిపోతే? అందుకని మూడు.

ఆఖరి మంగళవారం వాన. ఆడవాళ్ళెవరూ రాలేదు. ఆవిడ మాత్రం విప్పని గొడుగుతో తడిసి వచ్చింది. బెల్లం ముక్క తింటూ కూర్చుంది. కొంచెం ఆయాసంగా ఉన్నట్టు కనిపించింది. "మెట్లెక్కి వచ్చాను కదా" అంది. మా కొట్టుకున్నవి ఎన్ని మెట్లని! నేను పట్టించుకోలేదు.

"మీరు?" అంది.

"మూడు."

ఆవిడ తుండుగుడ్డ తీసి ఇద్దరి ఒళ్ళోనూ పరిచి, దాని కింద తన చెయ్యి వెల్లకిలా పెట్టి ఊరుకుంది. కిటికీలోంచి వాన చూస్తోంది. టీ చల్లారింది. బయట మా ఆయన ఎవరితోనో లుంగీ బేరంలో ఉన్నారు. "అంతుండదులే, తగ్గించుకో" అంటున్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే నా చెయ్యి గుడ్డ కిందకి వెళ్లింది. ఆవిడ చెయ్యంతా పట్టుకున్నాను. వదిలాను. మళ్ళీ పట్టుకున్నాను.

ఆవిడ నా వైపు తిరగలేదు. అప్పుడు తిరిగి చూసి ఉంటే నేను చెయ్యి లాగేసుకునేదాన్ని. ఆవిడకి అదీ తెలుసు.

"తర్వాత?" అంది, వానతోనే అన్నట్టు.

మొదలుపెట్టాను. హాలు, ఫ్యాను, తలుపు. ఇంతలో ఆటో వాడొచ్చి రైలు టైమయిందని హారన్ కొట్టాడు. ఆవిడ లేవలేదు. నేనే లేపాను, రైలు తప్పిపోతుందని. గుమ్మం దగ్గర నిలబడి, "ఇది మధ్యలో ఆగకూడదు. వచ్చే మంగళవారం ముందు మీరే. ఆయన్ని కూడా కూర్చోబెడదాం" అంది. ఆ తర్వాత, మొదటిసారీ ఆఖరిసారీ, ఆ గొడుగు విప్పింది. దానికి ఒక పక్క ఊచ విరిగిపోయి ఉంది.

ఆ పై మంగళవారం నేను టీ పెట్టించాను. మా ఆయనని ఎక్కడికీ వెళ్ళొద్దన్నాను. ఎందుకో చెప్పలేదు. మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఫోను. గుండె ఆగిపోయిందట, ఇంట్లోనే, తెల్లవారుజామున. ఎన్నాళ్ళ నుంచి నలత ఉందో ఎవరికీ చెప్పలేదట. ఆవిడకి ఎవరున్నారు, ఎక్కడుంటుంది, ఏం వండుకుంటుంది, ఇవేవీ నాకు తెలియవని అప్పుడు తెలిసింది. అన్ని మంగళవారాల్లో ఒక్కసారైనా ఆవిడని "తర్వాత?" అని అడిగినవాళ్ళెవరూ మాలో లేరు.

ఆవిడ స్థానంలో ఎవరినైనా పంపుతామని ఆస్పత్రివాళ్ళు అన్నారు. ఇంకా ఎవరూ రాలేదు. కబురు తెలియని ఆడవాళ్ళు మంగళవారం వచ్చి, తెలుసుకుని, కాసేపు ఆ గదిలో ఊరికే కూర్చుని వెళ్తున్నారు. జాకెట్టు గుడ్డలు కొనడం ఎవరికీ గుర్తుండటం లేదు. నాకూ గుర్తుండటం లేదు.

పైడమ్మ వచ్చిన రోజు మాత్రం నా వల్ల కాలేదు. అత్తా కోడలూ నవ్వుకుంటూ దిగారు ఆటో. పైడమ్మ చేతిలో ఆకులో చుట్టిన కొత్త బెల్లం, ఇంకా గోరువెచ్చగా.

"మా గానుగదే. డాట్రమ్మకి ఇట్టమని పాకం కాడ నిలబడి ఆడించేను. వచ్చేరా అమ్మా?"

నోరు తెరిచాను. ఎన్ని ధరలైనా తడబడకుండా చెప్పిన నోటికి ఈ మాట చెప్పడం చేతకాలేదు. ఇద్దరినీ వెనక గదిలోకి తీసుకెళ్ళి, గోడ మేకుకి ఉన్న తుండుగుడ్డ తీశాను. పైడమ్మ చేతి మీద వేసి, కింద నా పిడికిలి బిగించి ఆమె అరచేతిలో పెట్టాను.

ఏమీ లేదు అని.

పైడమ్మ నా పిడికిలిని విప్పడానికి చూసింది. వేలు తర్వాత వేలు. విప్పి, లోపల ఏదైనా మిగిలి ఉంటుందేమో అన్నట్టు తడిమింది. అప్పుడు బెల్లం నేల మీద పెట్టి కూలబడిపోయింది. "ఏటైనాది? ఏటైనాదే?" అని అత్తగారు ఇద్దరినీ కుదుపుతూ అడుగుతోంది. ఆ అరుపులకి పరదా తొలగించుకుని వచ్చిన మా ఆయన ఆ బెల్లాన్నీ, మా చేతుల మీద గుడ్డనీ చూస్తూ నిలబడిపోయారు.

అదీ సంగతి. అందుకే మొన్న శుక్రవారం ఒకావిడ చెప్పిన ధరకే చీర కొనుక్కుని వెళ్ళిపోతే నాకు ఏడుపొచ్చింది. "ఏటైందే?" అంటే "ఏటీ లేదు" అన్నాను. నాతవరం అత్తగారు అన్నట్టే, ఈ జిల్లాలో ప్రతి ఆడదీ అనేటట్టే. మా ఆయన మళ్ళీ లుంగీల మడతలో పడ్డారు.

లేచి వెనక గదిలోకి వెళ్ళాను. తుండుగుడ్డ మేకుకి వేలాడుతోంది. ఒక మూల చీమలు. బెల్లం చేతులతో ఎన్నిసార్లు పట్టుకుందో డాక్టరమ్మ. చీమలు దులిపి, తెచ్చి, మా ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఆయన చేతిలో లుంగీ తీసి పక్కన పెట్టి, ఆ చేతి మీద గుడ్డ కప్పాను.

ఆయనా కొట్టువాడి కొడుకే. చెయ్యి దానంతటదే వెల్లకిలా తిరిగింది.

"ఏటి? ఏం సరుకు?" అన్నారు.

చెయ్యంతా పట్టుకున్నాను. వదిలాను. మళ్ళీ పట్టుకున్నాను.

"దేనికి?"

"నాకు."

మెట్ల మీద ఎవరో ఆగి, "లుంగీ ఎంతండీ?" అని అడిగారు. అడిగిన మనిషి కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

"ఎప్పట్నుంచి?" అన్నారు.

"ఆపరేషనయిన కాడ్నుంచి."

ఆయన తగ్గిస్తారని చూశాను. ఎనిమిదుంటాదిలే అంటారని, ఆరుంటాదిలే అంటారని. ఎండని తగ్గించిన మనిషి, జ్వరాన్ని తగ్గించబోయిన మనిషి. గుడ్డ కింద ఆయన చెయ్యి నా చేతిని పట్టుకునే ఉంది. వీధిలో బెల్లం లారీ ఒకటి వెళ్ళింది, దాని వెనక రెండు ఆటోలు.

ఆయన పది నుంచి ఒక్కటి కూడా తగ్గించలేదు. లారీ మలుపు తిరిగేదాకా దాన్నే చూసి, అన్ని మంగళవారాలూ పరదా వెనక నుంచి విన్న మాట, తను అంటే బాగుంటుందో లేదో అన్నట్టు, మెల్లగా అన్నారు.

"తరవాత?"